వాటా నుంచి వరం దాకా: నంద్యాల, ఆళ్లగడ్డ ఎన్నికల ప్రచారంలో విధాన భాష

వ్యాససంగ్రహం

ఎన్నికల ప్రచారంలో విధాన వైఖరికి ఎంత చోటు ఉంటుంది, ఆ వైఖరిని పరిశోధకుడు ఎక్కడ వెతకాలి అన్న రెండు ప్రశ్నలను నంద్యాల, ఆళ్లగడ్డ నియోజకవర్గాల ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది. సాగునీటి విషయంలో ఇక్కడ స్పష్టమైన, సంఖ్యలతో కూడిన వైఖరులు చాలాకాలంగా ఉన్నాయి. అయితే అవి పార్టీల ప్రణాళికల్లో కంటే పాత ఒప్పందాల్లోనూ రైతు సంఘాల తీర్మానాల్లోనూ ఎక్కువగా కనిపిస్తాయి. ప్రచార భాష ఆ వైఖరులను అందుకునేటప్పుడు ‘వాటా’ను ‘వరం’గా మారుస్తుందనీ, ఆ మార్పుకు అసలు కారణం అజ్ఞానమో ముఠా రాజకీయమో కాదనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: నంద్యాల, ఆళ్లగడ్డ, ఎన్నికల ప్రణాళిక, విధాన వైఖరి, శ్రీశైలం నీటిమట్టం, సిద్ధేశ్వరం అలుగు, ప్రచార భాష

1. ఉపోద్ఘాతం

రాయలసీమ ఎన్నికలను వివరించేవారు సాధారణంగా నాలుగు మాటలతో పని ముగిస్తారు: ముఠాకక్ష, కుటుంబం, కులం, సానుభూతి. ఈ నాలుగూ అబద్ధాలు కావు. నంద్యాల, ఆళ్లగడ్డలలో భూమా, గంగుల, శిల్పా కుటుంబాల పేర్లు లేకుండా గత నలభై ఏళ్ల ఎన్నికల చరిత్ర రాయడం సాధ్యం కాదు. అయితే ఈ నాలుగు మాటలూ గెలుపోటములను వివరిస్తాయి గాని, ఏ విషయం చర్చకు వచ్చింది, ఏది రాలేదు, రాకపోవడానికి కారణమేమిటి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవు. సీమ ఓటరుకు విధానం పట్టదన్న తీర్పు చాలా రచనల్లో నిరూపణ లేకుండానే ఊహగా నిలిచిపోయింది. ఆ ఊహను పరీక్షించడమే ఈ వ్యాస ఉద్దేశం.

అమెరికా కాంగ్రెస్ ఎన్నికల్లో సమస్యల పరిశోధన ప్రచార కార్యాలయంలో ఒక ప్రత్యేకమైన పని. అభ్యర్థి ఏ అంశంపై ఏ వైఖరి తీసుకోవాలి, ప్రత్యర్థి గతంలో సభలో ఏ బిల్లుకు ఎటు ఓటు వేశాడు అన్నవి అక్కడ పత్రాలుగా తయారవుతాయి. మన దగ్గర ఆ పనికి సమానమైనది లేదని అనుకోవడం సులభం. ఉన్నదల్లా వేరొకచోట, వేరొకరి చేతుల్లో ఉన్నదన్నది నా అభిప్రాయం.

ఇక్కడ ఒక భేదాన్ని స్థిరపరచుకోవాలి. డొనాల్డ్ స్టోక్స్ 1963లో ప్రకటించిన వ్యాసంలో ఎన్నికల అంశాలను రెండుగా విభజించాడు. అందరూ ఒకే ఫలితాన్ని కోరుకునే అంశాలు ఒక రకం. వాటిలో పోటీ అంతా ఎవరు బాగా చేస్తారన్నదే. ఒకరికి మేలైతే మరొకరికి నష్టమయ్యే, అందువల్ల ఏదో ఒక పక్షం వహించక తప్పని అంశాలు రెండో రకం. మొదటివాటిని సర్వామోద అంశాలనీ, రెండోవాటిని పక్షభేద అంశాలనీ ఈ వ్యాసంలో వ్యవహరిస్తాను. ‘సీమకు నీళ్లు రావాలి’ అన్నది సర్వామోద అంశం. ‘శ్రీశైలంలో 854 అడుగుల కంటే నీటిమట్టం తగ్గకూడదు’ అన్నది పక్షభేద అంశం. మొదటి వాక్యాన్ని ఏ వేదిక మీదనైనా అనవచ్చు. రెండోదాన్ని విజయవాడలో అనడం కష్టం.

2. అభ్యర్థులు పార్టీలు మార్చుకున్న ఎన్నిక

2017 ఆగస్టు 23న జరిగిన నంద్యాల ఉపఎన్నిక ఈ పరిశీలనకు ఒక అరుదైన అవకాశం. 2014లో భూమా నాగిరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా, శిల్పా మోహన్ రెడ్డి తెలుగుదేశం అభ్యర్థిగా పోటీపడ్డారు, నాగిరెడ్డి గెలిచారు. 2016లో ఆయన తెలుగుదేశంలో చేరారు, 2017 మార్చి 12న మరణించారు. ఉపఎన్నిక నాటికి ఆయన అన్న కుమారుడు భూమా బ్రహ్మానందరెడ్డి తెలుగుదేశం అభ్యర్థి. శిల్పా మోహన్ రెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి. మూడేళ్లలో రెండు వర్గాలూ పార్టీలను ఇచ్చిపుచ్చుకున్నాయి.

విధాన పరిశోధకునికి ఇది ప్రయోగశాలలో దొరికేటంత శుభ్రమైన పరిస్థితి. వ్యక్తులు స్థిరం, పార్టీలు తారుమారు. వైఖరులు పార్టీవే అయితే అభ్యర్థులు తమ పాత మాటలకు సంజాయిషీ చెప్పుకోవాలి. వైఖరులు వ్యక్తులవే అయితే పార్టీలు కొత్తవారి వైఖరిని మోయాలి. జరిగిందేమిటి? ప్రచారమంతటా ఫిరాయింపు అన్న చర్య మీద తీవ్రమైన దాడులు జరిగాయి. ఫిరాయించిన వారు ఏ వైఖరిని వదలి ఏ వైఖరికి వచ్చారన్న ప్రశ్న మాత్రం పుట్టలేదు. పార్టీ మారినప్పుడు వదులుకోవలసినంత గట్టిగా నమోదైన నీటి వైఖరి ఏ పక్షానికీ లేదు. తెలుగుదేశం 27,466 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది.

ప్రచారంలో అధికారపక్షం చూపినవి ఇళ్ల మంజూరు, రోడ్ల విస్తరణ వంటి పట్టణ పనులు. ప్రతిపక్షం ఇచ్చిన హామీల్లో నంద్యాలను జిల్లా చేయడం ఒకటి. ఈ రెండో హామీని తేలికగా తీసేయకూడదు. అది స్పష్టమైనది, పరీక్షించదగినది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది కూడా. కనుక ప్రచార హామీలన్నీ గాలిమాటలన్న సాధారణీకరణ నిలవదు. అయితే ఏ రకం హామీ నిలిచిందో గమనించాలి. జిల్లా కేంద్రం వస్తే నంద్యాలకు లాభం. కర్నూలుకు కొంత వెలితి కలిగినా, ఆ వెలితి ఎవరి పొలాన్నీ ఎండబెట్టదు.

ఆ ప్రచారంలో నీటి గురించి విధానమనిపించుకోదగిన వాదం ఒకటి వినిపించింది, అది పట్టిసీమ. గోదావరి నీటిని ఎత్తిపోసి కృష్ణా డెల్టాకు ఇస్తే, డెల్టాకు వెళ్లవలసిన కృష్ణా నీరు శ్రీశైలంలో మిగిలి సీమకు అందుతుందన్నది ప్రభుత్వ వాదన. ఇందులో మూలం ఉంది, మార్గం ఉంది, నష్టపోయేవారికి ప్రత్యామ్నాయమూ ఉంది. ఒక్కటే లేదు. మిగిలిన నీరు సీమదేనన్న చట్టబద్ధమైన కేటాయింపు లేదు. మిగిలితే ఇచ్చేదానికీ, మిగిలినా మిగలకపోయినా ఇవ్వవలసినదానికీ మధ్య దూరమే ఈ వ్యాసానికి కేంద్రం.

3. పోటీ లేనిచోట ప్రసంగం

ఆళ్లగడ్డ సంగతి ఇంకా విచిత్రం. 2014 ఏప్రిల్ 24న ప్రచారం మధ్యలో రోడ్డు ప్రమాదంలో గాయపడి శోభా నాగిరెడ్డి మరణించారు. అప్పటికే ఆమె పేరు ఓటింగు యంత్రంలో చేరింది. ఆమెకు పడే ఓట్లు చెల్లుతాయని ఎన్నికల సంఘం స్పష్టం చేసింది. మే 7న జరిగిన పోలింగులో ఆమె గెలిచారు. ఆ తరువాతి ఉపఎన్నికలో కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అంటే ఒకే ఏడాదిలో ఆళ్లగడ్డ ఓటరు ఒకసారి లేని అభ్యర్థిని ఎన్నుకున్నాడు, మరొకసారి ఓటే వేయకుండా ప్రతినిధిని పొందాడు. ఆ దుఃఖాన్నీ, ఆ దుఃఖానికి ఇతర పార్టీలు ఇచ్చిన గౌరవాన్నీ విమర్శించడం నా పని కాదు. కాని ఏకగ్రీవమన్నది ఒక మర్యాద మాత్రమే కాదు, చర్చకు సెలవు కూడా. రాష్ట్రం విడిపోయిన ఏడాది అది. కృష్ణా నీటి పంపకం కొత్త బోర్డు చేతికి వెళ్లిన కాలం అది. ఆ నియోజకవర్గంలో ఆ సమయాన ఒక ఎన్నికల చర్చ జరగవలసి ఉండి జరగలేదు.

ఈ మర్యాదకు పూర్వోదాహరణ 1991 నవంబరు నంద్యాల లోక్‌సభ ఉపఎన్నిక. గంగుల ప్రతాపరెడ్డి ఖాళీ చేసిన స్థానంలో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న కారణంతో ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. భారతీయ జనతా పార్టీ తరఫున బంగారు లక్ష్మణ్ పోటీ చేశారు. ఆధిక్యం 5 లక్షల 80 వేలు దాటింది. అంతకు నాలుగు నెలల ముందు, జులై 24న, దేశ ఆర్థిక విధానాన్ని మార్చివేసిన బడ్జెటు పార్లమెంటు ముందుకు వచ్చింది. స్వాతంత్ర్యానంతరం వచ్చిన అతి పెద్ద విధాన మార్పుల్లో ఒకదానికి బాధ్యుడైన ప్రధాని ఓటరు ముందుకు వచ్చినప్పుడు, ఆ ఎన్నికను నడిపించిన భావన ఆత్మగౌరవం. ఎరువుల సబ్సిడీ తగ్గింపు నంద్యాల వరి రైతును నేరుగా తాకే అంశం. ప్రధాన ప్రతిపక్షం బరిలో లేనప్పుడు ఆ అంశాన్ని గట్టిగా నిలబెట్టి అడిగే గొంతు లేకపోయింది.

ఓటరు స్వభావానికి దీన్ని ఆపాదించేవారు 1977ను గుర్తుచేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు దక్కినప్పుడు, జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క స్థానం నంద్యాల. గెలిచినవారు నీలం సంజీవరెడ్డి. అది వ్యక్తి ప్రతిష్ఠకు పడిన ఓటా, అత్యవసర స్థితికి వ్యతిరేకంగా పడిన ఓటా అన్నది వేరే చర్చ. రాష్ట్రమంతా వీచే గాలికి ఎదురుగా నిలబడడం ఈ నేలకు తెలియని పని కాదు.

4. పార్టీల బయట రాసిన ప్రణాళికలు

‘రాయలసీమ’ అన్న పేరే ఒక విధాన చర్చలో పుట్టింది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంగా దత్తమండలాల సదస్సు సమావేశమైంది. అక్కడ చిలుకూరి నారాయణరావు ఈ పేరును ప్రతిపాదించారు. తొమ్మిదేళ్ల తరువాత, 1937 నవంబరు 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో కుదిరిన ఒప్పందం ఇక్కడి తొలి వైఖరి పత్రం. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీటిలో సీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యం, అదీ పదేళ్లో అవసరమైనంత కాలమో ఉండాలని అందులో ఉంది. ఎవరికి ముందు, ఎంతకాలం, ఏ నదుల నుంచి అన్నవి చెప్పిన పత్రమది. ముందు అన్నది ఒకరికి దక్కితే వెనుక అన్నది మరొకరికి దక్కుతుందని సంతకాలు చేసినవారికి తెలుసు.

ఆ పంథాలో తరువాతి పత్రాలూ నడిచాయి. కృష్ణ మీద సిద్ధేశ్వరం వద్ద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు కృష్ణా–పెన్నా పథకంలోనిది. ఖోస్లా సంఘం నందికొండవైపు మొగ్గడంతో అది వెనుకబడింది. ఆ స్థలానికే శ్రీశైలం జలాశయపు ఎగువ భాగంలో అలుగు కట్టాలన్న రూపంలో నంద్యాల కేంద్రంగా పనిచేసే రాయలసీమ సాగునీటి సాధన సమితి కొత్త ప్రాణం పోసింది. 2016 మే 31న రైతులు ఆ అలుగుకు తామే శంకుస్థాపన చేయడానికి బయలుదేరారు. నిషేధాజ్ఞలున్నా వేల మంది కదిలారు. 2022లో సోమశిల–సిద్ధేశ్వరం మధ్య 1,082 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో తీగల వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపినప్పుడు, అదే డిమాండు ఒక చిన్న వాక్యంగా మారింది: వంతెన ఒక్కటే వద్దు, వంతెనతో కూడిన అలుగు కావాలి. ఎన్నికల ప్రణాళికల్లో ఇంత పొదుపైన విధాన వాక్యం నాకు తారసపడలేదు.

నీటిమట్టం డిమాండు ఇంకా ఖచ్చితమైనది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 1996లో వచ్చిన 69వ నంబరు జీవో కనీస మట్టాన్ని 834 అడుగులుగా నిర్ణయించింది. 2004లో వచ్చిన 107వ నంబరు జీవో దాన్ని 854కు పెంచింది. ఈ 20 అడుగుల తేడాలోనే శ్రీశైలం కుడికాలువ, తెలుగుగంగ ఆయకట్టుల భవితవ్యం ఉంది. కారణం సరళం: పోతిరెడ్డిపాడు తూములకు నీరు అందాలంటే జలాశయంలో ఎత్తు కావాలి. 854 అడుగుల వద్ద కూడా అక్కడినుంచి వచ్చేది సుమారు 7 వేల క్యూసెక్కులే. నీరు కిందికి వదిలి మట్టం ఇంకా తగ్గించాక, 44 వేల క్యూసెక్కుల సామర్థ్యం ఉన్న తలుపులు ఎత్తినా కాలువలోకి రావలసిన నీరు రాదు. కనుక వాటా ఎన్ని టీఎంసీలన్న ప్రశ్న కంటే మట్టం ఎన్ని అడుగులన్న ప్రశ్న ముందుది. ఈ సాంకేతిక జ్ఞానం నంద్యాల, ఆళ్లగడ్డ రైతు సభల్లో సాధారణంగా వినిపించే మాట.

ఈ పత్రాలను పొగడి వదిలేస్తే విమర్శ కాదు. వాటిలోనూ మౌనాలున్నాయి. సీమకూ ఇతర ప్రాంతాలకూ మధ్య ఉన్న పక్షభేదాన్ని పలికినంత గట్టిగా, సీమలోపలి పక్షభేదాన్ని అవి పలకవు. కేసీ కాలువ 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించిన కాలువ. దాని ఆయకట్టు రైతుకు పాత హక్కు ఉంది. పక్కనే మెట్టభూమి రైతుకు ఏ హక్కూ లేదు. కుందూ నది మీద ప్రతిపాదించిన రాజోలి జలాశయం విషయంలో భూమి మునిగే రైతులూ నీరు పారే రైతులూ ఒకరు కారు. కౌలు రైతు ఈ పత్రాల్లో దాదాపు లేడు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు పత్రానికి భూయజమాని సమ్మతిని తప్పనిసరి చేసింది. నీటి ఉద్యమాల వేదికల మీద భూయజమానులే ఎక్కువగా ఉంటారన్న వాస్తవానికీ ఈ మౌనానికీ సంబంధం లేదనుకోలేను.

5. ఇచ్చువాడు, పంచుకొనువాడు

ఇక భాష. ప్రచార వాక్యాలకు ఇష్టమైన క్రియలు ఇవి: ఇస్తాం, ఆదుకుంటాం, పెద్దపీట వేస్తాం, కట్టుబడి ఉన్నాం, సస్యశ్యామలం చేస్తాం. రైతు సంఘాల వాక్యాల్లో కనిపించే నామవాచకాలు వేరు: వాటా, నికరజలాలు, కేటాయింపు, కనీస నీటిమట్టం, జీవో అమలు. ఈ తేడా శైలికి మాత్రమే సంబంధించినది కాదు. ‘ఇచ్చు’ అన్న క్రియకు కర్త తప్పనిసరి. ఇచ్చేవాడు లేకుండా ఇవ్వడం లేదు. ‘మీకు నీళ్లు ఇస్తాం’ అన్న వాక్యంలో నీళ్లు ముందుగా వక్తవి, చతుర్థీ విభక్తిలో నిలబడిన రైతు పుచ్చుకునేవాడు. ‘మా వాటా’ అన్నప్పుడు షష్ఠీ విభక్తి ఆ సంబంధాన్ని తలకిందులు చేస్తుంది. నీళ్లు ముందే రైతువి, ప్రభుత్వం ధర్మకర్త. ముఖ్యమంత్రి పర్యటన మరునాటి పత్రికల్లో ‘వరాల జల్లు’ అన్న శీర్షిక ఎంత అలవాటైపోయిందంటే, వరమిచ్చేవాడు దేవుడన్న సంగతి చదివేవారికి తట్టదు.

మన భాషలోని ‘మేము’, ‘మనము’ భేదమూ ఇక్కడ పనిచేస్తుంది. కష్టాలు చెప్పేటప్పుడు వక్త ‘మన సీమ’ అంటాడు, వినేవారిని కలుపుకుంటాడు. హామీ దగ్గరికి వచ్చేసరికి ‘మేము’ వస్తుంది. వినేవారు బయటికి పోతారు. కరవు మనది, కాలువ మాది అన్నట్లుంటుంది. ‘రాళ్లసీమను రతనాల సీమ చేస్తాం’ అన్న పాత పల్లవి ఈ నిర్మాణానికి పరాకాష్ఠ. అందులో ప్రాస ఉంది గాని, నది పేరు లేదు, ఏడాది లేదు, అడుగుల లెక్క లేదు. దానిని ఎవరూ ఖండించలేరు. ఖండించడానికి వీలులేని వాక్యం వైఖరి కాజాలదు.

6. మౌనానికి కారణం

ప్రచార భాష ఇలా ఎందుకుందంటే నాయకులకు తెలియకనే అని చెప్పడం అన్యాయం. కాలువ కింద పుట్టి పెరిగిన నాయకులకు 854 అంటే ఏమిటో బాగా తెలుసు. చిక్కు మరొకచోట ఉంది. ఎన్నికల ప్రణాళిక రాష్ట్ర స్థాయిలో రాసే ఒకే గ్రంథం. ఆళ్లగడ్డలో చదివేదీ తెనాలిలో చదివేదీ అదే. శ్రీశైలంలో మట్టం నిలబెట్టాలంటే సాగర్‌కూ ప్రకాశం బ్యారేజికీ నీటి విడుదల కొంతకాలం ఆగాలి. ఆ కొంతకాలం డెల్టాలో నాట్ల కాలం కావచ్చు. సీట్లు రెండుచోట్లా ఉన్న పార్టీ ఆ వాక్యం రాయలేదు.

రాసిన అరుదైన సందర్భంలో ఏమైందో 2005 చెబుతుంది. పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 11,150 క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచాలని వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, కాంగ్రెస్‌లోనే పి. జనార్దనరెడ్డి వంటి హైదరాబాదు నాయకులు బహిరంగంగా వ్యతిరేకించారు. డెల్టా నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. అంత వ్యతిరేకత వచ్చిందంటే అది నిజమైన వైఖరి అన్నమాట. అది ఎన్నికయ్యాక, అధికార పీఠం మీదనుంచి వచ్చిన నిర్ణయమన్నది గుర్తుంచుకోదగినది. 2020 మే నాటి 203వ నంబరు జీవో, రాయలసీమ ఎత్తిపోతల పథకం కూడా అంతే; అవి ప్రభుత్వ ఉత్తర్వులుగా వచ్చి పొరుగు రాష్ట్రంతో వివాదమయ్యాయి.

సుబ్రమణియం బాలాజీ కేసులో 2013 జులై 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో ప్రణాళికల గురించి ఒక భాగం చేరింది. హామీల హేతుబద్ధతను, వాటికి కావలసిన నిధులు ఎలా సమకూరుస్తారన్నదాన్ని పార్టీలు స్థూలంగా సూచించాలని అది కోరుతుంది. డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడిగే ఈ నియమం, నీరు ఎవరి దగ్గరనుంచి వస్తుందని అడగదు. నంద్యాలలో వైద్య కళాశాలకు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానపు భూమిని కేటాయించినప్పుడు కూడా ఇదే వరస. కళాశాల అందరికీ కావాలి. 1906 నుంచి విత్తన పరిశోధన చేస్తున్న క్షేత్రమూ కావాలి. ఏ భూమిలో అన్న ప్రశ్న రాగానే సర్వామోదం పోయి పక్షభేదం వచ్చింది. ఆ ప్రశ్న వేసినది రైతు సంఘాలు.

7. పరిశోధకుడు ఏమి చదవాలి

అమెరికా పద్ధతిని యథాతథంగా తెచ్చుకోలేకపోవడానికి ఒక రాజ్యాంగ కారణముంది. 1985లో వచ్చిన 52వ సవరణ, పదో షెడ్యూలు తరువాత, విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు సభ్యత్వానికే దూరమయ్యే ప్రమాదముంది. కాబట్టి ఒక శాసనసభ్యుని ఓటింగు చరిత్ర అతని మనసును చెప్పదు, పార్టీ ఆదేశాన్నే చెబుతుంది. ఆ చరిత్ర మీద ఆధారపడిన సమస్యల పరిశోధన ఇక్కడ పునాది లేనిదవుతుంది.

అయితే విప్ చేరని చోట్లు ఉన్నాయి. లోక్‌సభలో, శాసనసభలో సభ్యులు వేసే ప్రశ్నలు వాటిలో ఒకటి; నంద్యాల సభ్యుడు ఐదేళ్లలో శ్రీశైలం మట్టం గురించి ఎన్ని ప్రశ్నలు వేశాడో లెక్కించడం ఒక వారం పని. రెండోది, ఎవరూ పట్టించుకోనిది, జిల్లా సాగునీటి సలహా మండలి సమావేశం. కేసీ కాలువ కింద ఆ ఏడు వరికి నీళ్లా, ఆరుతడి పంటలకేనా, రెండో కారుకు ఉన్నాయా లేవా అన్నది అక్కడ తేలుతుంది. ఆ సమావేశంలో శాసనసభ్యుడు కూర్చుంటాడు, ఇంజనీర్లు కూర్చుంటారు, కలెక్టరు కూర్చుంటారు. చివరి ఆయకట్టు గురించి ఎవరు మాట్లాడారు, ఎవరు ఊరుకున్నారు అన్నది మినిట్స్‌లో ఉంటుంది లేదా మినిట్స్ లేకపోవడంలో ఉంటుంది. వేదిక మీద సీమ మొత్తానికీ నీళ్లిస్తానన్న వ్యక్తి ఈ గదిలో ఏ తూముకు ముందు, ఏ తూముకు తరువాత అని చెప్పక తప్పదు. అతని వైఖరి ఆ గదిలో దొరుకుతుంది. ఈ రెండు నియోజకవర్గాల మీద ఇప్పటివరకు వెలువడిన ఎన్నికల అధ్యయనాల్లో ఆ మినిట్స్‌ను మూలంగా వాడినది నా దృష్టికి రాలేదు.